11 మీటర్ల మరపడవకు రాడార్: ఆర్చ్ ఎంత ఎత్తుండాలి, ఏ రకం యాంటెన్నా నయం?

కెరటాలబాట అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నాది 11 మీటర్ల పొడవున్న ఫైబర్‌గ్లాస్ మరపడవ. వెనుక రెండు ఔట్‌బోర్డ్ ఇంజన్లు ఉన్నాయి. నిలబడి నడిపే రకం కావడంతో స్టీరింగు మీద గుడ్డ కప్పు తప్ప గట్టి పైకప్పు లేదు. సముద్రం సహకరించిన రోజుల్లో 28 నాట్ల వేగంతో తీరానికి ఇరవై, ముప్పై మైళ్ళ దూరం వరకు వెళ్ళి వస్తుంటాను. ఇన్నాళ్ళూ జీపీఎస్, ఇతర నౌకలు ప్రసారం చేసే తమ స్థానాన్ని తెర మీద చూపే ఏఐఎస్, నా రెండు కళ్ళు సరిపోయాయి. అయితే ఇటీవల ఒక తెల్లవారుజామున పొగమంచు కమ్మేసి పడవ అణియం (ముందుకొన) కూడా మసకబారినప్పుడు, ఇంజన్లను దాదాపు ఆపేసి కూర్చున్న నాకు రెండు నిమిషాలకోసారి ఏదో నౌక కూత వినబడసాగింది. అది దగ్గరికి వస్తోందో, దూరమవుతోందో, అసలు ఏ దిక్కున ఉందో అరగంటకు పైగా తేల్చుకోలేకపోయాను. ఏఐఎస్ తెర మీద ఆ దరిదాపుల్లో ఎవరూ లేరు. ఇక రాడార్ లేకుండా అంత దూరం వెళ్ళకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

పడవ వెనుక భాగంలో, స్టీరింగుకు సుమారు రెండు మీటర్ల వెనుక, అల్యూమినియం గొట్టాలతో ఆర్చ్ కట్టించి దాని మీద రాడార్ పెట్టించాలని ఆలోచన. ఆర్చ్ కట్టే ఆయన మాత్రం, మామూలు ఎత్తుకు ఇంకో మీటరు కలిపితే రాడార్ చూపు చాలా దూరం పోతుందని పట్టుబడుతున్నారు. అది ఎంతవరకు నిజం? యాంటెన్నాను గుండ్రటి పెట్టెలో మూసి ఉంచే 45 సెంటీమీటర్ల డోమ్ సరిపోతుందా, 60 సెంటీమీటర్లది కావాలా, లేక పైన బారుగా తిరిగే ఓపెన్ అరే యాంటెన్నాకు వెళ్ళాలా? మాగ్నెట్రాన్ (మైక్రోవేవ్ తరంగాలను పుట్టించే గొట్టం) ఉన్న పాత తరహా రాడార్లకు, ఆ గొట్టం బదులు ట్రాన్సిస్టర్లు వాడే ఇప్పటి సాలిడ్ స్టేట్ రాడార్లకు మధ్య ఏది ఎంచుకోవాలో కూడా తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

చుక్కాని ఇచ్చిన జవాబు:

కెరటాలబాట గారూ, ముందు ఎత్తు సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే ఆర్చ్ విషయంలో చాలామంది పొరబడేది అక్కడే.

రాడార్ తరంగాలు దాదాపు కంటిచూపులాగే సాగి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. వాతావరణం వాటిని కొద్దిగా కిందికి వంచుతుంది కాబట్టి కంటికన్నా కాస్త ముందుకు చూస్తాయి, అంతే. మీటర్లలో ఉన్న ఎత్తుకు వర్గమూలం తీసి 2.2తో గుణిస్తే ఆ దూరం నాటికల్ మైళ్ళలో వస్తుంది. యాంటెన్నాకు ఒకసారి, ఎదుటి వస్తువుకు ఒకసారి ఇలా లెక్కగట్టి రెండింటినీ కలపాలి. మీ యాంటెన్నా నీటి మీద 3 మీటర్ల ఎత్తున ఉంటే దాని వాటా 3.8 మైళ్ళు, 4 మీటర్ల ఎత్తున ఉంటే 4.4 మైళ్ళు. ఎదురుగా 25 మీటర్ల ఎత్తున్న ఓడ వస్తోందనుకుంటే దాని వాటా 11 మైళ్ళు. అంటే మీరు ఒక మీటరు పెంచినందుకు 14.8 మైళ్ళ దగ్గర కనబడవలసిన ఓడ 15.4 మైళ్ళ దగ్గర కనబడుతుంది. 28 నాట్ల పడవ మీద నిలబడ్డ మనిషికి ఆ అర మైలుతో ఒరిగేది ఏమీ లేదు. చిన్న పడవల విషయంలో అయితే అడ్డు పడేది భూమి వంపు కానే కాదు. ఫైబర్‌గ్లాస్ మైక్రోవేవ్ తరంగాలను చాలావరకు తన గుండా పోనిస్తుంది కాబట్టి తిరిగి వచ్చే సంకేతమే బలహీనంగా ఉంటుంది, అలలు లేచినప్పుడు అది అలల మెరుపుల్లో, అంటే అలల నుంచి తిరిగొచ్చే సంకేతాల్లో, కలిసిపోతుంది. పైగా యాంటెన్నా ఎత్తు పెరిగిన కొద్దీ అలల మెరుపు తెర మీద ఇంకా ఎక్కువ దూరం పరచుకుంటుంది.

అలాగని ఎత్తు అక్కర్లేదని కాదు. ఎత్తు కావలసింది మీ తల మీదుగా చూడడానికి. ఇలాంటి రాడార్ల కిరణపుంజం నిలువుగా సుమారు 25 డిగ్రీలు విచ్చుకుంటుంది, అంటే మధ్యరేఖకు కింద పన్నెండున్నర డిగ్రీలు. స్టీరింగు ఆర్చ్‌కు రెండు మీటర్ల ముందుంది కాబట్టి, అక్కడికి చేరేసరికి పుంజం కింది అంచు 45 సెంటీమీటర్ల మేర దిగి ఉంటుంది. నిలబడ్డ మనిషి తల డెక్ మీద నుంచి 1.8 మీటర్లు అనుకుంటే, యాంటెన్నా మధ్యభాగం డెక్‌కు కనీసం 2.25 మీటర్ల ఎత్తున ఉండాలి. ఇంతకన్నా తక్కువైతే తలలు సరిగ్గా పడవ ఎదుటి దిక్కులోనే, అంటే మనకు అన్నిటికన్నా ముఖ్యమైన దిక్కులోనే, నీడ పరుస్తాయి. పుంజంలో తల పెట్టి గంటల తరబడి నిలబడడం మంచిది కాదన్నది ఎలాగూ ఉంది. ప్రతి రాడార్ పుస్తకంలోనూ సురక్షిత దూరం ఎంతో రాసి ఉంటుంది, దాన్ని తప్పక చూడండి. మీ డెక్ నీటికి 80 సెంటీమీటర్ల పైన ఉంటే మొత్తం మూడు మీటర్లకు చేరింది. అంతకు మించి కట్టే ప్రతి అంగుళమూ ఊగడానికే పనికొస్తుంది.

ఆ మిగిలిన శ్రద్ధను యాంటెన్నా వెడల్పు మీద పెట్టండి. అడ్డంగా పుంజం ఎంత సన్నగా ఉంటే తెర మీద బొమ్మ అంత విడివిడిగా వస్తుంది, ఆ సన్నదనం ముఖ్యంగా యాంటెన్నా వెడల్పును బట్టి ఉంటుంది. 45 సెంటీమీటర్ల డోమ్‌కు పుంజం సుమారు 5 డిగ్రీలు, 60 సెంటీమీటర్లకు 4 డిగ్రీలు, నాలుగు అడుగుల ఓపెన్ అరేకు 2 డిగ్రీల లోపు. రెండు మైళ్ళ దూరంలో ఇవి వరసగా 320, 260, 125 మీటర్ల వెడల్పుకు విచ్చుకుంటాయి. ఆ దూరంలో రెండు పడవలు పక్కపక్కన 200 మీటర్ల ఎడంతో వస్తున్నాయనుకోండి, రెండు డోములూ వాటిని ఒకే గడ్డగా చూపిస్తాయి. ఓపెన్ అరే విడదీస్తుంది. కానీ దాని బరువు ఇరవై కిలోలు దాటుతుంది, అది తిరిగే వలయంలోకి తాడుగానీ, గాలపు కర్రగానీ, వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నాగానీ రాకూడదు. 11 మీటర్ల పడవకు 60 సెంటీమీటర్ల డోమ్ సరైన ఎంపిక అని నా అభిప్రాయం. ఆర్చ్ పైన చోటు లేక 45కు సర్దుకున్నవాళ్ళను చూశాను గానీ, చోటు ఉండి కూడా సర్దుకోవలసిన అవసరం లేదు.

రెంచీచేయి ఇచ్చిన జవాబు:

యాంటెన్నా గురించి పై మిత్రులు చెప్పారు కనుక నేను ఆర్చ్ గురించే రాస్తాను. నా అనుభవం కొంత చేదుది.

నా వెనుకటి పడవకు ఆర్చ్ కట్టించినప్పుడు నేను గాలి తాకిడి గురించే తెగ భయపడ్డాను. నిజానికి ఎదురుగాలితో కలిపి అరవై నాట్ల గాలి తగిలినా 60 సెంటీమీటర్ల డోమ్ మీద పడే తోపు నాలుగైదు కిలోలకు మించదు. ఆర్చ్‌ను తినేసేది అలల మీద పడవ దబ్బున పడినప్పుడు వచ్చే కుదుపు. పది కిలోల డోమ్, దాన్ని మోసే పళ్ళెం, దీపాలు, యాంటెన్నాలు అన్నీ కలిసి పాతిక కిలోలు అనుకుంటే, గురుత్వానికి ఐదు రెట్ల కుదుపులో ఆ క్షణానికి 125 కిలోల బరువు కాళ్ళ మీద పడినట్టే. ఒకసారి పడితే ఏమీ కాదు. ఒక్క ప్రయాణంలో కొన్ని వందల సార్లు పడుతుంది.

రెండో ఏడాది ఒకరోజు పడవ కడుగుతుండగా ఆర్చ్ వెనుక కాలి మొదట్లో, కిందనున్న పళ్ళేనికి గొట్టం వెల్డు చేసిన చోట, తలవెంట్రుక మందాన నల్లటి గీత కనిపించింది. తుడిస్తే పోయింది. మరుసటి వారం మళ్ళీ అక్కడే, అంతే పొడవున వచ్చింది. మురికి అయితే అలా ఒకే చోటికి తిరిగి రాదు కదా అని పగుళ్ళు పట్టే రంగు మందు పూసి చూస్తే, వెల్డు అంచు వెంట గొట్టం చుట్టుకొలతలో మూడో వంతు చీలి ఉంది. పగులు రెండు ముఖాలు ఒకదానితో ఒకటి రాసుకుని రాలిన అల్యూమినియం పొడే ఆ నలుపు. ఆర్చ్‌ను విప్పాక అసలు కథ బయటపడింది. బిగించినవాళ్ళు డెక్ కింద పళ్ళెం పెట్టకుండా చిన్న వాషర్లతో సరిపెట్టారు, పైగా డెక్ మధ్య పొరలో ఉన్న బాల్సా చెక్కలోకి బోల్టు రంధ్రాల గుండా నీళ్ళు దిగి అది నానిన అట్టముక్కలా మెత్తబడింది. డెక్ ఊగితే కాలు ఊగింది, కాలు ఊగితే వెల్డు చీలింది.

కాబట్టి మీ ఆర్చ్ కట్టే ఆయనతో ఎత్తు గురించి కాకుండా పాదాల గురించి మాట్లాడండి. బోల్టు పడే ప్రతి చోటా రంధ్రాన్ని పెద్దదిగా తొలిచి, లోపలి బాల్సాను అంచుల నుంచి గీకేసి, చిక్కటి ఇపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం వేయించండి. డెక్ కింద ప్రతి పాదానికీ పాదంకన్నా వెడల్పైన పళ్ళెం ఉండాలి. 6061 రకం అల్యూమినియం గొట్టం వెల్డు చేసిన చోట బలాన్ని సగం దాకా కోల్పోతుంది, అందుకే వెల్డులను కాలి మొదట్లో కాకుండా వంపు తక్కువగా పడే చోట వచ్చేలా చూడమనండి, లేదా కాలి మొదట్లో త్రికోణపు రెక్కలు వేయించండి. ఒక్కో వైపు రెండు కాళ్ళు, అవి పక్కనుంచి చూస్తే ఎడంగా నిలబడాలి. ఒంటి కాలి ఆర్చ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ తెర మీద బొమ్మతో పాటు తానూ ఊగుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు అల్యూమినియాన్ని నేరుగా తాకితే ఉప్పునీటిలో అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది కాబట్టి మధ్యలో ప్లాస్టిక్ వాషరు, మరలకు తుప్పు నిరోధక లేపనం తప్పనిసరి.

మరో చిన్న మాట. రాడార్ తీగ చివర కనెక్టరు తీగకన్నా చాలా లావుగా ఉంటుంది. గొట్టంలో తీగ దూర్చే రంధ్రాన్ని కనెక్టరు కొలతకు వేయించి, అంచులు నునుపు చేయించి, తీగతో పాటు ఒక ఖాళీ లాగుతాడు కూడా లోపల వదిలేయండి. రేపు ఇంకో తీగ వేయవలసి వచ్చినప్పుడు నన్ను తలచుకుంటారు.

నీలిరేవు ఇచ్చిన జవాబు:

మాగ్నెట్రానా, సాలిడ్ స్టేటా అన్న ప్రశ్నను అందరూ వదిలేశారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. మాగ్నెట్రాన్ వెలువరించే 4 కిలోవాట్ల సంఖ్యను సాలిడ్ స్టేట్ వెలువరించే కొన్ని పదుల వాట్లతో నేరుగా పోల్చకండి. మొదటిది సెకనులో పది లక్షల వంతు కూడా పట్టని పొట్టి పల్స్‌లో ఆ శక్తినంతా గుమ్మరిస్తుంది, రెండోది చాలా పొడవైన పల్స్‌ను పంపి తిరిగి వచ్చాక లెక్కల ద్వారా కుదిస్తుంది. మాగ్నెట్రాన్‌కు స్విచ్ వేశాక ఒకటిన్నర, రెండు నిమిషాల వేడెక్కే సమయం కావాలి, కొన్ని వేల గంటలకు అది అరిగిపోతుంది కూడా. సాలిడ్ స్టేట్ వెంటనే లేస్తుంది, విద్యుత్తు తక్కువ తాగుతుంది, దగ్గరి దూరాల్లో బొమ్మ శుభ్రంగా ఉంటుంది.

అయితే ఒక చిక్కు ఉంది. తేలే బోయాల మీద, లైట్‌హౌసుల మీద ఉండే రేకాన్ పరికరాలు, ప్రమాదంలో ఉన్నవారు వాడే సార్ట్ పరికరాలు బలమైన రాడార్ పల్స్ తమను తాకినప్పుడే బదులిస్తాయి. సార్ట్ బదులిస్తే తెర మీద పన్నెండు చుక్కల వరుస పడుతుంది. తక్కువ శక్తితో నిరంతరంగా ప్రసరించే రకం రాడార్లు వీటిని మేల్కొల్పలేవు. మీరు తిరిగే దారిలో రేకాన్‌లను ఆధారం చేసుకుంటుంటే, కొనే ముందు ఆ రాడార్ వాటిని ప్రేరేపిస్తుందా లేదా అని స్పష్టంగా అడగండి.

నేనైతే ఇప్పటికీ 4 కిలోవాట్ల మాగ్నెట్రాన్‌నే వాడుతున్నాను. దూరంలో ఉన్న వాన మేఘం దాని తెర మీద కనిపించినంత నమ్మకంగా నాకు వేరే తెర మీద కనిపించలేదు. ఇది పాతకాలపు చాదస్తం అని నా పడవలో వాళ్ళే అంటారు.

కెరటాలబాట మళ్ళీ రాసినది:

ఇంత ఓపికగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న టేపు పట్టుకుని కొలిచాను. డెక్ నీటికి 85 సెంటీమీటర్ల పైన ఉంది, డెక్ కింద గుచ్చి చూస్తే ఆర్చ్ పాదాలు పడే చోట బాల్సాయే ఉంది. రెంచీచేయి గారూ, మీ నల్లగీత కథ చదివాక నాకు నిద్ర పట్టలేదు.

రెండు సందేహాలు మిగిలాయి. నా పడవ 28 నాట్ల వద్ద అణియాన్ని సుమారు 5 డిగ్రీలు పైకెత్తి పరుగెడుతుంది, వేగం అందుకునే దశలో 8 డిగ్రీలు కూడా లేస్తుంది. అప్పుడు రాడార్ ఆకాశాన్ని చూస్తుందని, డోమ్ కింద వాలు దిమ్మ పెట్టి ముందుకు వంచాలని అంటున్నారు. ఎంత వంచాలి? రెండోది, ఇప్పుడు నా తెల్లదీపం వెనుక కర్ర మీద ఉంది. ఆర్చ్ వచ్చాక దాన్ని డోమ్ పక్కన, 80 సెంటీమీటర్ల ఎడంతో పెట్టవచ్చా?

చుక్కాని ఇచ్చిన రెండో జవాబు:

దీపం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది నియమానికి సంబంధించినది. సముద్రంలో ఓడలు ఢీకొనకుండా చూసే, కాల్‌రెగ్స్ అని అందరూ పిలిచే 1972 నాటి అంతర్జాతీయ నియమావళి ప్రకారం 12 మీటర్ల లోపు మరపడవకు పక్కదీపాలతో పాటు చుట్టూ కనిపించే ఒకే తెల్లదీపం చాలు. అయితే నడుస్తున్న పడవ మీద ఆ దీపాన్ని ఏ కట్టడమూ 6 డిగ్రీలకు మించి మరుగుపరచకూడదని మొదటి అనుబంధం చెబుతోంది. 60 సెంటీమీటర్ల డోమ్‌ను 80 సెంటీమీటర్ల ఎడంలో పెడితే అది దీపాన్ని 44 డిగ్రీల మేర మింగేస్తుంది. ఆ దిక్కు నుంచి వచ్చేవారికి రాత్రిపూట మీరు లేనట్టే. దీపం డోమ్‌కు పైనే ఉండాలి. డోమ్ వెనుక నుంచి వేలెడు లావున్న గొట్టం మీద పైకి తీసుకెళ్ళండి, అంత సన్నటి గొట్టం రాడార్‌కు చెప్పుకోదగ్గ నీడ పరచదు. దీపం కింద సాసరంత నల్లటి రేకు బిగిస్తే దాని వెలుగు డోమ్ తెల్లటి వీపు మీద, డెక్ మీద పడి మీ కళ్ళను చెదరగొట్టదు. జీపీఎస్ యాంటెన్నాను మాత్రం పుంజంలోకి రానివ్వకుండా డోమ్‌కన్నా కిందికి దింపండి.

ఇక వంపు. దీని గురించి ఉన్న భయం అసలు నష్టంకన్నా పెద్దది. పుంజం నిలువుగా 25 డిగ్రీలు ఉంది కాబట్టి అణియం 8 డిగ్రీలు లేచినా ఎదుటి సముద్రం ఇంకా పుంజంలోనే ఉంటుంది. తిరిగి వచ్చే సంకేతం సుమారు 57 శాతానికి తగ్గుతుంది, 5 డిగ్రీల దగ్గర 80 శాతం మిగులుతుంది. దూరం లెక్కలో సంకేతబలానికి నాలుగో మూలం తీసుకోవాలి గనుక, 8 డిగ్రీల దగ్గర కూడా మీరు కోల్పోయేది చూపు దూరంలో పదమూడు శాతమే. పెద్ద ఓడకు అది లెక్కలోనిది కాదు. అంచున తచ్చాడే చిన్న పడవ విషయంలో మాత్రం కొంత తేడా వస్తుంది. 3 లేదా 4 డిగ్రీల దిమ్మ చాలు. పొగమంచులో మీరు ఎలాగూ నిదానంగా, పడవ మట్టంగా ఉన్నప్పుడే నడుపుతారు, అప్పుడు ఎక్కువ వంచిన డోమ్ ముందున్న నీళ్ళనే చూస్తూ కూర్చుంటుంది. పరుగు కోసం వంచి, పొగమంచును మరచిపోవద్దు.

ముసలినావికుడు ఇచ్చిన జవాబు:

ఇప్పటిదాకా అందరూ రాడార్‌ను ఎలా నిలబెట్టాలో చెప్పారు. నిలబెట్టాక జరిగేది కూడా కాస్త అనుకుందాం.

మీరు 30 నాట్లతో, ఎదుటి పడవ 20 నాట్లతో వస్తుంటే మధ్యదూరం నిమిషానికి మైలులో ఆరింట ఐదు వంతుల చొప్పున కరిగిపోతుంది. చిన్న పడవ తెర మీద మొదట రెండు మైళ్ళ దగ్గర తేలిందనుకోండి, మీ చేతిలో ఉన్నది సుమారు 144 సెకన్లు. దాన్ని మార్పాతో, అంటే తెర మీది వస్తువు దిశనూ వేగాన్నీ లెక్కగట్టే సదుపాయంతో, పట్టి అనుసరింపజేస్తే లెక్క కుదురుకోవడానికి దాదాపు ఒక నిమిషం పోతుంది. నిమిషానికి 24 చుట్ల వేగంతో తిరిగే యాంటెన్నా రెండున్నర సెకన్లకు ఒకసారి చూస్తుంది, ఆ రెండు చూపుల మధ్య మీ పడవ ఒక్కటే దాదాపు నలభై మీటర్లు ముందుకు పోతుంది. కనుక 48 చుట్ల సదుపాయం ఉంటే దగ్గరి దూరాల్లో దాన్నే వాడండి. అంతకన్నా ముఖ్యంగా, సెకనుకు పదిసార్లు దిశ చెప్పే హెడింగ్ సెన్సర్ ఒకటి కొనండి. జీపీఎస్ చెప్పేది పడవ కదులుతున్న దిశే గానీ అణియం చూస్తున్న దిశ కాదు, నెమ్మదిగా నడిచే పొగమంచులో అది దిక్కుతోచకుండా తిరుగుతుంది, దాంతో పాటే మార్పా లెక్కలూ తిరుగుతాయి. ఆ సెన్సర్‌నూ, దిక్సూచినీ మాగ్నెట్రాన్‌కు దూరంగా పెట్టాలి, దానిలో బలమైన అయస్కాంతం ఉంటుంది.

దగ్గరయ్యేవాటికీ దూరమయ్యేవాటికీ వేరువేరు రంగులు వేసే డాప్లర్ సదుపాయాన్ని చూసి మురిసిపోకండి. అది మన వైపు వచ్చే వేగాన్నీ, మన నుంచి పోయే వేగాన్నీ మాత్రమే పట్టుకుంటుంది. అడ్డంగా కోసుకుపోయేదానికి రంగు రాకపోవచ్చు.

నియమావళిలోని 7వ నియమం రాడార్ ఉన్నప్పుడు దాన్ని సరిగా వాడాలనీ, అరకొర రాడార్ సమాచారంతో ఊహలకు పోకూడదనీ రెండూ చెబుతుంది. 1956 జులై 25 రాత్రి నాన్‌టకెట్ దగ్గర ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ ఓడలు ఢీకొని 51 మంది చనిపోయినప్పుడు రెండింటిలోనూ రాడార్ పనిచేస్తూనే ఉంది. తెరలో ఒకరినొకరు చూసుకుంటూనే దగ్గరయ్యారు. అందుకే ఎండ కాసే రోజున, ఎదుటి పడవ కంటికి కనబడుతుండగా తెర పక్కన పెట్టుకుని, ఏది ఎలా కనబడుతుందో, అలల మెరుపును తగ్గించే మీట ఎంత తిప్పితే చిన్న పడవ కూడా మాయమవుతుందో నేర్చుకోండి. పొగమంచు పట్టాక నేర్చుకునే తీరిక ఉండదు.

కెరటాలబాట చివరగా రాసినది:

ఎత్తు పెంచవద్దని ఆర్చ్ ఆయనకు చెప్పేశాను. మొదట నొచ్చుకున్నారు గానీ వర్గమూలం లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఒప్పుకున్నారు. 60 సెంటీమీటర్ల సాలిడ్ స్టేట్ డోమ్, హెడింగ్ సెన్సర్, 4 డిగ్రీల దిమ్మ అని ఖాయం చేసుకున్నాను. నేను తిరిగే దారిలో రేకాన్‌లు లేవు.

ఈలోగా ప్లైవుడ్‌ను 60 సెంటీమీటర్ల గుండ్రంగా కోసి, కర్రకు కొట్టి, ఆర్చ్ రాబోయే చోట 2.25 మీటర్ల ఎత్తున తాళ్ళతో నిలబెట్టాను. మా అబ్బాయిని స్టీరింగు దగ్గర నిలబెట్టి, పలక అంచు నుంచి పన్నెండున్నర డిగ్రీల కిందికి దారం లాగి చూశాను. దారం వాడి టోపీని రాసుకుంటూ పోయింది. వాడు నాకన్నా నాలుగు వేళ్ళు పొడుగు, ఇంకా ఎదుగుతున్నాడు. పది సెంటీమీటర్లు పెంచి 2.35 దగ్గర గుర్తు పెట్టుకున్నాను. బాల్సా గీకే పని ఈ వారాంతంలో మొదలవుతుంది.